మా అక్క పడగొట్టించిన గోడ

మా అక్కకు జన్మలో ఒకే ఒక్క శత్రువు. అదీ మనిషి కాదు, గోడ. వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న గోడ. పెళ్ళయి ఆ ఫ్లాటులో అడుగుపెట్టిన రోజు నుంచి ఉద్యోగం దిగిపోయే రోజు దాకా దాన్ని తిట్టుకుంటూనే వండింది, తిట్టుకుంటూనే వడ్డించింది. చివరికి పడగొట్టించింది. ఆ సంగతే చెప్పబోతున్నాను. మధ్యలో నా నోరు కాస్త జారితే ఏమీ అనుకోకండి. నాకు నోటి దురుసు ఎక్కువని మా వాళ్ళంతా ఎప్పుడో తేల్చేశారు.

వాళ్ళది పాత బిల్డింగులో మూడో అంతస్తు. తలుపు తీయగానే ఇరుకు నడవా, దానికి వరసగా మూడు చిన్న పడగ్గదులు, నడవా చివర హాలు, హాలు వెనక వంటిల్లు. వంటింటికి ఉన్న ఒక్క కిటికీ పక్క బిల్డింగు పైపుల వైపు తెరుచుకునేది కాబట్టి పట్టపగలు కూడా బల్బు వేసుకోవాల్సిందే. గిన్నెలు అటూ ఇటూ అందించుకోవడానికని హాలు వైపు గోడలో ఒక చదరపు కంత వదిలారు. దానికి చెక్క చట్రం, కింద మోచేతులు ఆనేంత పలక. కట్టినవాడెవడో పొట్టివాడై ఉంటాడు, కంతను మరీ కిందకు పెట్టాడు. హాల్లో నిలబడ్డ మనిషి చేతులూ, చొక్కా గుండీలూ వంటింట్లోకి కనబడేవి గాని మొహం కనబడేది కాదు. మొహం చూడాలంటే ఇటువాళ్ళో అటువాళ్ళో నడుం వంచాలి. పని లేకుండా నడుం వంచే అలవాటు మా ఇళ్ళలో ఎవరికీ లేదు.

బావ బస్టాండులో టికెట్లిచ్చే గుమాస్తా. రోజంతా కంత లోపల కూర్చుని జనం చేతులు చూసే మనిషి. ఇంటికొచ్చాక కంత బయట నిలబడి, “ఒక టీ, కిటికీ పక్క సీటు” అనేవాడు. ఆయన పుణ్యమా అని దానికి టికెట్ కౌంటరు అన్న పేరు స్థిరపడిపోయింది. మొదట్లో అక్క నవ్వేది. ఒకే జోకు ఏళ్ళ తరబడి వింటే ఎవరికైనా గోడలు పడగొట్టాలనే అనిపిస్తుంది.

అక్క ఉద్యోగం నీళ్ళ సరఫరా ఆఫీసులో. ఫిర్యాదుల ఫోను ఎత్తడమే పని. నేను ఒకటి రెండుసార్లు వెళ్ళి చూశాను. వరసగా ఆడవాళ్ళు, అందరి మొహాలూ గోడ వైపే, అందరి చెవులకూ ఫోను తొడుగులు. అవతలివాళ్ళు కుళాయి రావడం లేదని మొదలుపెట్టి, కొడుకు మాట వినడం లేదనే దాకా వెళ్ళేవాళ్ళు. ఒకాయన పైపు పగిలిందని ఫోన్ చేసి, భార్య పోయిన తర్వాత తాను ఒక్కడే ఎలా వండుకుంటున్నాడో చెప్పి ఏడ్చాడట. పైపు ఏ వీధిలో పగిలిందో చెప్పడం మర్చిపోయి పెట్టేశాడట. అక్క ఈ కథలన్నీ నాకు చెప్పేది. “మొహం కనబడదు కదే, అందుకే చెప్పేస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి అడుగు, కుళాయి సంగతి కూడా చెప్పరు” అనేది.

ఈ మాట మా అక్క తన నోటితో అన్నదే. కాస్త గుర్తుంచుకోండి.

అలా పొద్దస్తమానం గొంతులు విని ఇంటికొస్తే, ఇంట్లోనూ గొంతులే. అక్క లోపల కూరగాయలు తరుగుతుంటే హాల్లో బావా, కొడుకూ, కూతురూ పడీ పడీ నవ్వేవాళ్ళు. ఈవిడ చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఆ నవ్వు అయిపోయేది. ఏంట్రా అంటే ఏం లేదమ్మా అనేవాళ్ళు. నవ్విన మాట రెండోసారి చెబితే నవ్వు రాదు కదా, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. కాని అక్కకు అది గుండెల్లో ముల్లయి కూర్చుంది. తనను ఇంటిల్లిపాదీ కలిసి వంటింట్లో పెట్టి గోడ కట్టేశారన్నట్టు మాట్లాడేది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, మనుషుల మీద కోపమంతా ఆ గోడ మీద చూపించేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గోడలకు చెవులుంటాయంటారు. మా అక్క ఇంట్లో గోడకు ఉన్న చెవి మా అక్కే. అందరూ నవ్వడానికి సోఫాలో కూర్చునేవాళ్ళు, ఏడవడానికి కంత దగ్గరికి వెళ్ళేవాళ్ళు. కొడుకు పరీక్ష తప్పిన సంగతి మొదట ఆ కంతలోంచే లోపలికి వెళ్ళింది. బావను పై అధికారి నలుగురి ముందు వెధవా అన్న రోజు, ఆయన ఖాళీ కప్పును పలక మీద తిప్పుతూ చాలాసేపు నిలబడి, చివరికి ఆ మాట చెప్పేశాడట. మా బావ వంటి గుంభనమైన మనిషి ఎదురుగా కూర్చోబెడితే చెప్పే మాటేనా అది. నా సంగతీ అంతే. మా ఆయనతో ఇక పడదు, వెళ్ళిపోవాలి అనుకున్న రోజున నేను అమ్మకు ఫోన్ చేయలేదు. రెండు వీధులు నడిచి వచ్చి, ఆ పలక మీద మోచేతులు ఆనించి, నాలుగు మాటలు లోపలికి వదిలాను.

అక్క పద్ధతి ఒకటుండేది. చెబుతున్నంతసేపూ చేతి పని ఆపేది కాదు. కత్తి చప్పుడు మధ్యలో “ఊ” అనేది. సలహా ఇచ్చేది కాదు, అయ్యో అనేది కాదు. అంతా అయ్యాక కంతలోంచి ఒక టీ కప్పో, ఆపిల్ ముక్కో ఇటు వచ్చేది. అది అందుకునేటప్పుడు ఆ తడి చెయ్యి మన వేళ్ళ మీద ఒక్క క్షణం ఆగేది. నేను ఆ రోజు ఇంటికి తిరిగి వెళ్ళి కాపురం చేసుకున్నానంటే ఆ ఒక్క క్షణం వల్లే.

అందరికంటే ఎక్కువగా అక్కడ నిలబడింది కూతురు. చిన్నప్పుడు ఆ పిల్లకు భయం జాస్తి. ఉరుముకు భయం, లెక్కల టీచరుకు భయం, లిఫ్టుకు భయం. భయమేసినప్పుడల్లా స్టూలు లాక్కుని ఎక్కి, గడ్డం పలకకు ఆనించి, “అమ్మా, ఒక మాట” అనేది. అప్పుడు మొహం కనబడేది. పొడుగయ్యేకొద్దీ మొహం చట్రం పైకి పోయి, చేతులు మిగిలాయి. గోళ్ళు కొరుక్కుని ఉంటే సంగతి పెద్దదని అక్కకు తెలిసిపోయేది. ఆ అమ్మాయి చదువయి, మందుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగంలో చేరి, ముప్పై దాటాక కూడా అదే వరస. అమ్మా, ఒక మాట.

ఇంతమంది ఇన్ని మాటలు తెచ్చి తన ఒళ్ళో పోస్తుంటే, మా అక్క తనతో ఎవరూ మాట్లాడరని కుమిలిపోయేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఒకసారి నేను ఈ మాటే అంటే, “కూర గిన్నె అడిగినట్టు చెప్పి పోతారే. నా మొహం చూసి మాట్లాడేవాళ్ళేరీ?” అంది.

రిటైరయ్యాక ఇక ఆగలేదు. వచ్చిన డబ్బుతో ఇల్లు బాగుచేయిస్తానంది. కొడుకు ఫర్నిచర్ షోరూములో సేల్స్‌మన్. వాడికి ఇది పండిన పంట. ఓపెన్ కిచెన్ అన్నాడు, గాలీ వెలుతురూ అన్నాడు, కుటుంబమంతా ఒకే చోట అన్నాడు. ఫోనులో బొమ్మలు చూపించాడు. ఆ బొమ్మల్లో ఇంటావిడ తెల్లటి వంటగట్టు వెనక నిలబడి నవ్వుతూ ఉంటుంది, మొగుడూ పిల్లలూ ఇవతల ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని ఆమె మొహంలోకి చూస్తూ ఉంటారు. ఒక్కరి దగ్గరా అంట్లగిన్నె ఉండదు. అక్క ఆ బొమ్మలను మళ్ళీ మళ్ళీ అడిగి చూసేది.

నూనె పొగ సోఫాకు పట్టదా అని బావ ఒక్కసారి అడిగి, అక్క చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. ఆవిడ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అడ్డుపడింది కూతురొక్కతే. గోడ మొత్తం తీయడమెందుకు, ఆ కంత ఉన్న ముక్క వరకూ ఉంచుకోవచ్చు కదా అంది. గోడే వద్దంటుంటే కంత దేనికే అని అక్క నవ్వేసింది. మాట వరకూ నిజమే మరి.

మేస్త్రీ వచ్చే ముందురోజు సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. గిన్నెలన్నీ పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతున్నాం. ఆఫీసు నుంచి వచ్చిన కూతురు చెప్పులు విప్పి నేరుగా కంత దగ్గరికి వచ్చింది. పలక మీద రెండు చేతులు. గోళ్ళు కొరికి ఉన్నాయి.

“అమ్మా, ఒక మాట చెప్పాలి.”

అక్క ఆ రోజు నేల మీద లేదు. చేతిలో ఉన్న మూత పెట్టెలో వేస్తూనే, “రేపట్నుంచి ఈ గోడే ఉండదు. పని మొత్తం అయ్యాక ఎదురుగా కూర్చుని చెప్పు, నీ మొహం చూస్తూ వింటాను. ఈ కంతలో మాటలతో విసుగెత్తిపోయానే” అంది.

ఆ చేతులు కాసేపు అక్కడే ఉన్నాయి. “సరేలేమ్మా” అన్న మాట వినబడింది. తర్వాత పలక ఖాళీ అయింది. అక్క ఇంకో మూత అందుకుంది.

మర్నాడు మేస్త్రీ, ఇద్దరు కూలీలు దిగారు. గోడ మీద సుత్తితో తట్టి చూసి, ఇది బరువు మోసే గోడ కాదు, ఊరికే అడ్డం అన్నాడు మేస్త్రీ. అక్క మొహం వెలిగిపోయింది. మొదటి దెబ్బ తానే వేస్తానని సుత్తి అడిగి తీసుకుని వేసింది కూడా. పెచ్చు ఊడింది తప్ప ఇటుక కదల్లేదు. మధ్యాహ్నానికి చట్రం, పలక ఊడదీసి బాల్కనీలో పడేశారు. వంటింటి వైపు దానికి నూనె జిడ్డు. హాలు వైపు మాత్రం పలక అంచున రెండు పల్లాలు పడి, చెక్క నున్నగా మెరుస్తోంది. మోచేతులు ఆని ఆని అరిగిన చోటు అది. పారేసేదైతే తీసుకెళ్తానమ్మా అని మేస్త్రీ అడిగితే, “పట్టుకుపో బాబూ, పీడ వదిలింది” అంది అక్క.

ఈ దుమ్ము నాకు పడటం లేదు, పని అయ్యేదాకా ఆఫీసు స్నేహితురాలి గదిలో ఉంటానని కూతురు బయల్దేరింది. మంచి ఆలోచనేనని అక్కే బ్యాగు సర్దిపెట్టింది. మెత్తటి బట్టలు చాలమ్మా, గుండీలు ముందుకున్నవి పెట్టు అంటే, అవే వెతికి మరీ పెట్టింది. ఒక ఫ్లాస్కు కూడా ఇచ్చింది. లిఫ్టు దాకా వెళ్ళి, వచ్చేసరికి ఇల్లు చూసి నువ్వే గుర్తుపట్టవు అని సంబరంగా చెప్పి పంపింది.

నిజం చెప్పాలి, ఇల్లు బాగా కుదిరింది. హాలు కిటికీల్లోంచి వెలుతురు నేరుగా పొయ్యి దాకా వచ్చింది. తెల్లటి గట్టు, ఇవతల ఎత్తు స్టూళ్ళు, గోడ లోపలికి దిగిన అలమరలు. కూతురు కూడా తిరిగొచ్చింది. మొదటి సాయంత్రం అందరం స్టూళ్ళెక్కి కూర్చుంటే, అక్క గట్టు వెనక నిలబడి ఒక్కొక్కరి మొహంలోకే చూస్తూ వడ్డించింది. అంత ఆనందంగా అక్కను నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ తర్వాతా చూడలేదు.

వారం తిరగకముందే చిక్కు తెలిసొచ్చింది. ఒకరోజు బావ కప్పు తిప్పుతూ, “ఇవాళ బస్టాండులో...” అన్నాడు. వెంటనే అక్క కత్తి కింద పెట్టింది, పొయ్యి తగ్గించింది, చేతులు తుడుచుకుంది, గట్టు మీద మోచేతులు ఆనించి ఆయన కళ్ళల్లోకి చూస్తూ “చెప్పండి” అంది. ఆ మనిషి అటూ ఇటూ చూసి, పేపరు ఎక్కడ పెట్టావని అడిగాడు. అక్కడి నుంచి ఇంట్లో ఎవరు నోరు విప్పినా ఇదే తంతు. మాట కోసం జన్మంతా మొహం వాచి ఉంది కదా, మాట వినబడగానే మొహం పెట్టుకుని వచ్చేసేది. అంత పెద్ద చూపు ముందు ఎవరికైనా గొంతులో ఏం మిగులుతుంది.

మెల్లగా హాలు ఖాళీ అయింది. మిక్సీ మోతకు టీవీ వినబడదని కొడుకు తన గదిలోకి చేరాడు. పొగ కళ్ళకు పడటం లేదని బావ బాల్కనీ పట్టాడు. ఏం చేస్తున్నా ఎవరో చూస్తున్నట్టుందని కూతురు ఆఫీసు నుంచి రావడమే ఆలస్యం చేసింది. అప్పుడప్పుడు నవ్వులు వినబడేవి. కొడుకు గదిలోంచి, మూసిన తలుపు వెనక నుంచి. ఇదివరకు వాళ్ళకూ ఈవిడకూ మధ్య కంత ఉన్న గోడ ఉండేది. ఇప్పుడు కంత లేని తలుపులొచ్చాయి. నాకు ఒళ్ళు మండి, ఆ తలుపులు కూడా పీకించెయ్ అన్నాను. అక్క నవ్వలేదు.

కూతురు కాస్త చిక్కినట్టు కనబడింది. పై అర మీది కప్పు తీయడానికి ఎడమ చెయ్యి ఎత్తబోయి, మానేసి కుడి చేత్తో తీసింది. చేతికేమైందే అంటే పట్టేసిందమ్మా అంది. అక్కకు ఆ రోజు మాట గుర్తొచ్చింది. స్టూలు లాగి కూతుర్ని కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చుని, ఏదో చెప్పాలన్నావు కదా, ఇప్పుడు చెప్పు అంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళార్పకుండా చూసింది.

“అదా? ఏదో ఆఫీసు గొడవలేమ్మా. అయిపోయింది.”

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు పట్టపగలు, ఇంట్లో ఒక్కతే ఉండగా, గట్టు మీది ఫోను మోగింది. ఏదో ఆసుపత్రి నుంచి. అమ్మాయి సెల్లు కలవడం లేదు, అందుకని ఇంటి నంబరుకు చేశాం అంది అవతలి గొంతు. మీరేమవుతారని అడిగింది. తల్లినంది అక్క. ఇంకేం, తల్లికి తెలియకుండా ఉంటుందా అని ఆ పిల్ల ధైర్యంగా చెప్పుకుపోయింది. రొమ్ములో గడ్డ తీసి ఆర్నెల్లు కావస్తోంది కాబట్టి ఒకసారి చూపించుకోవాలట. గడ్డ ప్రమాదకరమైంది కాదని అప్పుడే తేలింది కదా, ఇది మామూలు పరీక్షే, కంగారు పడొద్దట. ఆ వేళ తోడుగా ఎవరూ లేకపోయినా అమ్మాయి గుండె దిటవుగా ఉందట. అక్క అన్నిటికీ ఊ, ఊ అంది. ఉద్యోగంలో నేర్చిన విద్య అది. అవతలివాళ్ళకు అనుమానం రానివ్వలేదు.

ఆ ఫోను పెట్టేసి, సెల్లు పట్టుకుని తిన్నగా మా ఇంటికి వచ్చింది. నాకూ అప్పుడే తెలిసింది. ఆ బ్యాగు నేనే సర్దానే, గుండీలు ముందుకున్నవి నేనే వెతికి పెట్టానే అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. ఫలితం వచ్చేదాకా ఆ పిల్ల రోజులు ఎలా వెళ్ళదీసిందో అని ఒకటే కుమిలింది. ఆ రోజుల్లో అక్క షాపుల చుట్టూ తిరుగుతూ గట్టుకు రాయి ఎంచుతోంది. ఇంటికెళ్ళి అడిగితే సరి కదా అన్నాను. అక్కడ చెప్పదే, అక్కడ నేను కనబడతాను అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. మా వంటిల్లు ఇరుకు. అందులో స్టూలు వేసుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది, ఆఫీసులో కూర్చున్నట్టే. చీకటి పడేదాకా అలాగే ఉంది. ఆ సరికి కూతురు ఆఫీసు నుంచి ఇల్లు చేరి ఉంటుంది. ఫోను కలిపింది. ఏళ్ళ తరబడి ఫోన్లు విని విని అక్కకు చెవి మందగించింది. ఫోను శబ్దం పెంచి పెట్టుకుంటుంది కాబట్టి అవతలి మాట నాకూ వినబడింది.

“ఎక్కడున్నావమ్మా?”

“పిన్ని వాళ్ళింట్లో. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేశారు.” స్టూలు గోడకు ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది. “ఇప్పుడు నేను నీకు కనబడటం లేదు కదే. చెప్పు. ఏమీ అనను. వింటాను.”

అక్క చెయ్యి తనంతట తానే పక్కనున్న గిన్నె మూత అందుకుని తుడవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ పిల్ల గొంతు వినబడింది. కోపం లేదు అందులో. ఉంటే బాగుండేది.

“అప్పుడు భయమేసి చెప్దామని వచ్చానమ్మా. ఇప్పుడు భయం పోయింది. ఇంక చెప్పడానికేముంది?”

“ఊ” అంది అక్క.

“టీ పెట్టాను. చల్లారకముందే వచ్చెయ్.”

ఫోను పెట్టేసిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. అక్కకు వినబడలేదేమో. మూత తుడుస్తూ, గోడను చూస్తూ, ఇంకా ఊ, ఊ అంటూనే ఉంది.